రెండువందల పద్నాలుగో ఫిర్యాదు

అధ్యక్ష స్థానంలో ఉన్న డివిజను అధికారి గారికి, ఆయన పక్కన చేతుల్లేని కుర్చీలో జాగ్రత్తగా సర్దుకుని కూర్చున్న హెడ్‌మాస్టరు గారికి, ఇవాళ పొద్దున నా దగ్గర తాళాలు తీసుకుని సాయంత్రానికల్లా నాకంటే బాగా స్టేషన్ నడుపుతున్న కొత్త మాస్టరమ్మకు, ఈ సరుకుల షెడ్డులో చోటు చాలక కిటికీల్లోంచి తలలు పెట్టి వింటున్న పెద్దలకు, అక్కలకు, బాబాయిలకు, పిన్నమ్మలకు, మూడో వరసలో కూర్చుని నన్ను తప్ప అన్నిటినీ చూస్తున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా నన్ను తెగ పొగిడారు. నేను మాత్రం నమ్మలేదు, ఎందుకంటే ఈ ఊరు నోటితో చెప్పేది వేరు, రాసేది వేరు. ఈ ఊరు నా గురించి ఇరవై ఆరేళ్లుగా ఏం రాసిందో అదంతా ఇదిగో, ఈ ఎర్రట్ట పుస్తకంలో ఉంది. (నవ్వులు) చూశారా, ముందు వరసలో ముగ్గురు తలలు దించేసుకున్నారు. అవునండీ, ఇది మన స్టేషన్ ఫిర్యాదుల పుస్తకమే. కొత్త మాస్టరమ్మను అడిగి అరువు తెచ్చుకున్నాను, మళ్లీ అప్పగించాలి. ఇప్పుడు టైము నాలుగున్నర. అయిదుంపావు బండి వచ్చేలోపు నేను ముగించి తీరాలి. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

నా గురించి చెప్పేముందు స్టేషన్ గురించి చెప్పాలి, ఎందుకంటే నేను దిగేనాటికే దీనికి డెబ్భై ఏళ్లు. చాలా స్టేషన్లు ఎవరో పెద్దమనిషి సిఫారసు మీద పుడతాయి. మనది మాత్రం ఇంజను దాహం మీద పుట్టింది. ఈ లైను వేసినప్పుడు ఇక్కడ బండి ఆపే ఉద్దేశమే ఎవరికీ లేదు. ఆవిరి ఇంజను సగం దూరం వచ్చేసరికి దానికి నీళ్లు అయిపోయేవి, పట్టాల పక్కనే మన ఊరి బావి కనిపించింది. డ్రైవరు గొట్టం దించి నీళ్లు తోడుకునే ఆ ఇరవై నిమిషాల్లో మనవాళ్లు కూరగాయల గంపలతో సహా ఎక్కేవారు. గార్డు దించేవాడు. వాళ్లు అటు దిగి ఇటు ఎక్కేవారు. ఈ దోబూచులాట ఒక ఏడాది సాగాక గార్డుకు ఓపిక నశించి, ఇక దించడం నా వల్ల కాదు, అక్కడే టికెట్లు అమ్ముకోండని పైకి రాసేశాడట. అలా ఒక గది కట్టారు. కట్టినవాళ్లు టికెట్ల కిటికీ మీద పెట్టిన శ్రద్ధ తలుపు మీద పెట్టడం మరిచిపోయారని, మొదటి మాస్టరు మూడు రోజులు కిటికీలోంచే డ్యూటీకి ఎక్కి దిగాడని హెడ్‌మాస్టరు గారి తాతగారు చెప్పేవారట. ఏమండీ హెడ్‌మాస్టరు గారూ, నిజమేనా? తలూపుతున్నారు. ఆయన తలూపితే అది చరిత్ర కిందే లెక్క. (నవ్వులు)

ఆ గదితోపాటు ఒక బెంచీ, ఒక గంట, ఒక ఫిర్యాదుల పుస్తకం వచ్చాయి. ఈ పుస్తకంలో ఏం రాసినా కార్బను కాగితం కింద మూడు ప్రతులు పడతాయి. ఒకటి రాసినవాళ్లకు, ఒకటి పై ఆఫీసుకు, మూడోది పుస్తకంలోనే. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి, తప్పదు. మొదటి ఫిర్యాదు రాసింది బావి పక్కింటి కుమ్మరి. ఆ పాత పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది, నాకు కంఠతా వచ్చు. "మీ ఇంజను మా బావి మొత్తం తాగేస్తున్నది. మాకు మట్టి తడుపుకోవడానికి నీళ్లు లేవు. దాన్ని వేరే ఊళ్లో తాగమని చెప్పగలరు." ఎనిమిదో రోజున ముద్ర వేసిన ఉత్తరం వచ్చింది. "తమ ఫిర్యాదు అందినది. ఇంజను నిమిత్తము ప్రత్యేకముగా బావి తవ్వించబడును." తవ్వించారు కూడా. స్టేషన్ వెనక ఉన్న రెండో బావి అదే.

మీరు ఒక్కసారి ఆలోచించండి. ఈ ఊరు అప్పటిదాకా కాలవ మీద వంతెన కోసం ఎన్ని ఆఫీసులకు ఎన్ని అర్జీలు పెట్టుకుందో లెక్కలేదు, ఒక్కచోటి నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఈ ఊరికి జవాబిచ్చిన మొదటి వస్తువు ఈ పుస్తకం. ఇక చూసుకోండి, ఊరంతా పుస్తకం మీద పడింది. దర్జీ తన అల్లుడు చెప్పిన మాట వినడం లేదని రాశాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే గోడ గురించి ఎదురెదురు పేజీల్లో రాశారు. ఒక పెద్దావిడ, తను ఎక్కేటప్పుడు బండి కదలకుండా ఉంటుందనీ, తను దిగేటప్పుడే కదులుతుందనీ, తనంటే దానికి పడదనీ రాయించింది. పాత మాస్టర్లు మహానుభావులు, అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చారు. దర్జీ అల్లుడికి కూడా "తగు విధముగా నచ్చజెప్పబడినది" అని ఉంది. ఎవరు నచ్చజెప్పారో తెలియదు గానీ తర్వాత దర్జీ మళ్లీ రాయలేదు.

ఇలాంటి ఊరికి నేను ఇరవై ఆరేళ్ల కిందట, సామాన్ల లారీలో, మంచం కోళ్లకూ గిన్నెల బుట్టకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న మా ఆవిడతో సహా వచ్చి దిగాను. రైల్వే మాస్టరు లారీలో రావడమేమిటని ఆ రోజే కొందరు నవ్వుకున్నారు. వారం తిరక్కుండా నా మీద మొదటి ఫిర్యాదు పడింది. రాసింది మన టీకొట్టు అక్క. "కొత్త మాస్టరు టికెట్ ఇచ్చేటప్పుడు మొహం చిట్లిస్తున్నాడు. మేము వెళ్లేది చుట్టాలింటికా, జైలుకా తెలియడం లేదు." నేను కొత్తవాణ్ని, నిబంధనలంటే భయం, అందుకని రాత్రింబవళ్లు ఆలోచించి జవాబు రాశాను. "విచారించగా నిజమని తేలినది. ఇకపై నవ్వబడును." (నవ్వులు, చాలాసేపు) మీరు నవ్వుతున్నారు గానీ ఆ కాగితానికి అక్క అద్దం కట్టించి ఇప్పటికీ కొట్లో పెట్టుకుంది. నేను ఎప్పుడైనా చిరాకుగా కనిపిస్తే నోరు మెదపదు, వేలితో దాన్ని చూపిస్తుంది.

నాలుగేళ్లు అలా హాయిగా గడిచాయి. ఒక రోజు పొద్దున ఎనిమిదీ నలభై బండి వచ్చి నిలబడింది. కిరాణాకొట్టు బాబాయి కూతురికి నొప్పులు మొదలయ్యాయి, పట్నం ఆసుపత్రికి ఆ బండి తప్ప దిక్కులేదు, వాళ్ల ఎద్దుబండి చక్రం అవతలి గేటు దగ్గర దిగబడిపోయింది. మన స్టేషన్లో రైలు ఆగేది ఒక్క నిమిషం. నేను పచ్చజెండా చంకలో పెట్టుకుని పదకొండు నిమిషాలు అటూ ఇటూ తిరిగాను. ఆ పిల్లను నలుగురు మోసుకొచ్చి ఎక్కించాకే జెండా ఊపాను. రిజిస్టరులో మాత్రం, తప్పేనండీ, అధ్యక్షులవారు మన్నించాలి, పట్టాల మీద గేదె అడ్డం వచ్చిందని రాశాను. తల్లీబిడ్డా క్షేమం. ఆ పదకొండు నిమిషాల బిడ్డకు ఇప్పుడు ఇరవై రెండేళ్లు, అదిగో రెండో వరసలో కూర్చుని, ఈ మాస్టరు ఎప్పుడు ముగిస్తాడా అని వాచీ చూసుకుంటోంది. (నవ్వులు)

అక్కడితో అయిపోతే బాగుండేది. బాబాయి సంతోషం పట్టలేకపోయారు. పెద్దలకు ఏదైనా చేరాలంటే ఆయనకు తెలిసిన దారి ఒక్కటే. తిన్నగా వచ్చి ఈ పుస్తకం తెరిచి, "మా మాస్టరు నా కూతురి కోసం బండిని పదకొండు నిమిషాలు ఆపిన దేవుడు, ఆయన చల్లగా ఉండాలి" అని నిండు పేజీ రాసి సంతకం పెట్టారు. మూడు ప్రతులు పడ్డాయి. ఒకటి పై ఆఫీసుకు వెళ్లింది. వాళ్ల దగ్గర గేదె ఉంది, ఈ పేజీలో కూతురు ఉంది. నాకు ఛార్జిషీటు వచ్చింది. (నవ్వులు) బాబాయి, ఆ రోజు మీరు నా గది ముందు తల పట్టుకుని కూర్చున్నది నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు మీది కాదు. మంచి చేసినవాడి గురించి మంచిగా రాయకూడదని మీకు మాత్రం ఎవరు చెప్పారు?

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర పెద్ద పంచాయతీ జరిగిందట. చెడు రాస్తే మాస్టరుకు చేటు, మంచి రాసినా చేటే, కాబట్టి ఇక ఈ పుస్తకం ఎవరూ ముట్టుకోకూడదని అక్క తీర్మానం చేసేసింది. తాడు కట్టిన పెన్సిలును తనే విప్పి పట్టుకుపోయింది. అంతే, తొమ్మిదేళ్లు ఈ పుస్తకంలో ఒక్క గీత లేదు. బండి నాలుగు గంటలు ఆలస్యమైతే కిటికీ దగ్గరికి వచ్చి, "పర్వాలేదులెండి మాస్టారూ, మాకేం తొందర" అని నన్నే ఓదార్చేవారు. వాన కురిసి బెంచీ మీద నీళ్లు కారితే బెంచీనే పక్కకు జరుపుకునేవారు. నాకు మొదట్లో గొప్పగా ఉండేది. తర్వాత్తర్వాత ఏదో వెలితిగా అనిపించి, ఎవరైనా ఒక్క మాట రాస్తే బాగుండుననిపించేది.

ఇక అసలు సంగతి. ఇది ఈ షెడ్డులో నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు, ఇవాళ చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. పదమూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం టపా సంచీలో రెండు కవర్లు వచ్చాయి. మొదటిది విప్పాను. ఫలానా స్టేషన్ తక్కువ వాడకం గలవాటి జాబితాలో చేరింది, తొమ్మిదేళ్లుగా ప్రయాణికుల నుంచి ఒక్క ఫిర్యాదైనా లేదు గనక అక్కడ ప్రయాణికులే లేరని భావించవలసి వస్తోంది, పది రోజుల్లో విచారణకు అధికారి వస్తారు, ఆ మీదట బండి అక్కడ ఆగదు. మీకు చదివి వినిపించింది ఆ ఉత్తరమే. రెండోది ఎవరికీ వినిపించలేదు. అది నా ప్రమోషను. పెద్ద జంక్షనుకు. కారణం, డివిజను మొత్తంలో తొమ్మిదేళ్లపాటు ఒక్క ఫిర్యాదూ లేని మాస్టరును నేనొక్కణ్నేనట.

అక్కా, అలా చూడకు. కోపమొస్తే పుస్తకం ఇక్కడే ఉంది, ఇవాళ రాసేసెయ్. (నవ్వులు)

రెండు కవర్లూ తీసుకెళ్లి మా ఆవిడ ముందు పెట్టాను. జంక్షను క్వార్టరు ఆవిడ ఒకసారి చూసింది. అక్కడ వంటగదిలోనే కుళాయి. ఇక్కడ పదమూడేళ్లుగా ఆ రెండో బావి నుంచి, అదే, ఇంజను కోసం తవ్వించిన బావి నుంచి, బిందెతో మోసుకొస్తోంది. ఆవిరి ఇంజన్లు పోయాయి, ఆ బావి నీళ్లు మోసే పని మా ఆవిడకు మిగిలింది. రెండు ఉత్తరాలూ చదివి అడిగింది.

"ఊళ్లోవాళ్లకి ఏం చెప్తారు?"

"స్టేషన్ ఎత్తేస్తారని చెప్తాను. అందరూ వచ్చి ఫిర్యాదులు రాస్తే ఆగుతుంది."

"మరి రెండోది?"

ఆవిడే అంది, "అది చెప్తే ఒక్కరూ రాయరండీ. మీ ప్రమోషన్ పోతుందని తెలిస్తే, బండి పోయినా సరే, పెన్సిలు ముట్టుకోరు." అని, ఆ కవరు మడిచి బట్టల పెట్టె అడుగున పెట్టేసి, బిందె తీసుకుని నీళ్లకు వెళ్లిపోయింది.

తర్వాతి కథ మీకూ తెలుసు. ఆ ఆదివారం టికెట్ల కిటికీ నుంచి గేటు దాకా వరస. కార్బను కాగితాలు అయిపోతే బడి నుంచి తెప్పించాం. ఇంత కష్టపడి వచ్చి నిలబడ్డారే గానీ, నా మీద రాయమంటే ఒక్కరికీ చెయ్యి రాదు. బాబాయి గంటసేపు ఆలోచించి "మాస్టరు మరీ మంచివాడు, అందువల్ల అలుసైపోతున్నాడు" అని రాశారు. అది చెల్లదు బాబాయి అంటే, "బెంచీ గట్టిగా ఉంది" అని మార్చారు. బెంచీ గట్టిగా ఉంటే మంచిదే కదా అంటే, "కూర్చునేవాడికి తెలుస్తుంది" అన్నారు. హెడ్‌మాస్టరు గారు స్టేషన్ కప్పు కింద గూళ్లు కట్టిన పావురాల మీద నాలుగు పేజీలు రాసి, చివర సారాంశం కూడా ఇచ్చారు. ఒక ముసలమ్మ పెన్సిలు పట్టుకుని, "మొహం చూస్తూ తిట్టడం నా వల్ల కాదు నాయనా, కాస్త అటు తిరుగు" అంది. తిరిగాను. (నవ్వులు) తొమ్మిదేళ్ల తర్వాత అక్క అదే పెన్సిలు తెచ్చి తాడుకు కట్టి, "పిలిస్తే పలకడు, టీ చల్లారబెట్టి తాగుతాడు, చెబితే వినడు" అని రాసింది. అది ఫిర్యాదో, పెద్దక్క మందలింపో నాకు ఇప్పటికీ తేలలేదు.

పొద్దు వాలేసరికి రెండువందల పదమూడు. పుస్తకం మూయబోతుంటే కిటికీ అవతల మా ఆవిడ నిలబడి ఉంది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. "నీకేం ఫిర్యాదు?" అని నవ్వాను. "పెన్సిలివ్వండి" అంది. అయిదారు వరసలు రాసి, తన ప్రతి తను చింపుకుని, మడిచి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. అది రెండువందల పద్నాలుగు.

పదో రోజున విచారణకు వచ్చిన కుర్ర ఇన్‌స్పెక్టరు ఎవరనుకున్నారు? ఇవాళ్టి మన అధ్యక్షులవారే. ఆ గట్టి బెంచీ మీద కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మొత్తం చదివారు. పావురాల దగ్గర కళ్లు తుడుచుకున్నారు, నవ్వాపుకోలేక. వెళ్లేటప్పుడు నాతో అన్నారు, "మాస్టారూ, ఈ స్టేషన్ని మూసేస్తే ఈ జనమంతా నా బల్ల మీద పడి రాస్తారు. ఆ పని నేను చెయ్యను." అలా మన స్టేషన్ బతికింది. నా ప్రమోషను వెనక్కిపోయింది, ఒక్క రోజులో రెండువందల పద్నాలుగు ఫిర్యాదులు తెచ్చుకున్న మనిషికి జంక్షను అప్పగించలేరు కదా.

బాధ లేదంటే అబద్ధమవుతుంది. నా తర్వాత చేరినవాళ్లు పెద్ద ఆఫీసర్లై, బండి కిటికీలోంచి నాకు చెయ్యూపి వెళ్లిన రోజున నాకు తిండి సహించేది కాదు. మా ఆవిడ బిందె దించి నడుం పట్టుకున్నప్పుడల్లా ఆ కవరు గుర్తొచ్చేది. కానీ ఎనిమిదీ నలభై బండి వచ్చి ఆగి, కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఎక్కుతుంటే, ఆ ఒక్క నిమిషం నా బాధంతా పోయేది. రోజూ పోయేది, రోజూ మళ్లీ వచ్చేది. పదమూడేళ్లు అలా బతికాను, బాగానే బతికాను.

ఆ రెండువందల పదమూడింటికీ పదిహేను రోజుల్లోపే జవాబులిచ్చాను. పావురాలకు కూడా. అప్పుడు అధ్యక్షులవారు అడిగారు, "ఈ పద్నాలుగోదానికి జవాబేదీ?" అని. "విచారణలో ఉందండీ" అన్నాను. పదమూడేళ్లుగా విచారణలోనే ఉంది. (నవ్వులు) ఇవాళ మీ అందరి ముందు చదువుతాను. ఏమోయ్, చదవనా? ఇంకా పైకప్పే చూస్తోంది. చదవమన్నట్టే.

"ఈ స్టేషన్ మాస్టరుకు పెళ్లై పదిహేనేళ్లు. ఇన్నేళ్లలో భార్యను ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని రైల్లో తీసుకెళ్లలేదు. నేను పుట్టింటికి వెళ్లినా, పెళ్లిళ్లకు వెళ్లినా, నేను కిటికీ దగ్గర, ఆయన జెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద. రోజూ ఈ లైను చివరి స్టేషన్‌కు టికెట్లు అమ్ముతారు. అక్కడ సముద్రం ఉందంటారు. అది ఎలా ఉంటుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తగు చర్య తీసుకోగలరు."

అక్షరం అక్షరం నిజం. ఈ స్టేషన్‌కు నేనొక్కణ్నే. నాకు బదులు మనిషి దొరికిన రోజున ఏదో చావో పెళ్లో ఉండేది, ఆవిడ రెండు రోజుల ముందే వెళ్లేది, నేను భోజనాల వేళకు దిగి మరుసటి బండికి తిరిగొచ్చేవాణ్ని. ఆ ఆదివారం మీరంతా నా మీద ప్రేమతో అబద్ధాలు రాశారు. ఆ రెండువందల పద్నాలుగు ఫిర్యాదుల్లో నిజమైనది ఈ ఒక్కటే. ఆ కవరు పెట్టె అడుగున పెట్టిన మనిషి, కుళాయిని ఈ ఊరి కోసం వదులుకున్న మనిషి, అడిగింది ఇదొక్కటే. నిజమైనదానికి జవాబు రాయడం చేతకాకనే ఇన్నేళ్లు ఆలస్యం చేశాను.

నిన్న రాశాను. ఆఖరి రోజు డ్యూటీలో, ముద్రతో సహా. "ఫిర్యాదు నంబరు రెండువందల పద్నాలుగుకు జవాబు. విచారించగా పూర్తిగా నిజమని తేలినది. ఆలస్యమునకు మాస్టరు సిగ్గుపడుచున్నాడు. రేపటి సాయంత్రం అయిదుంపావు బండికి చివరి స్టేషన్ వరకు రెండు టికెట్లు తీయబడును. కిటికీ పక్క సీటు ఫిర్యాదుదారుకు ఇవ్వబడును." (చప్పట్లు) ఇవిగోండి టికెట్లు. పొద్దున కొత్త మాస్టరమ్మ దగ్గర వరసలో నిలబడి కొన్నాను. ఆవిడ టికెట్ ఇస్తూ నవ్వింది, కాబట్టి అక్కకు ఆ ఫిర్యాదు చేసే అవకాశం లేదు. పెట్టె సర్ది గేటు దగ్గర పెట్టాను. మా ఆవిడకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది, అందుకే పైకప్పు మానేసి నన్ను చూస్తోంది.

గంట కొట్టారు, విన్నారా? బండి పక్క స్టేషన్ దాటింది. ఇక నాకు పది నిమిషాలే ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. ఆనాడు నవ్వి మమ్మల్ని బతికించిన అధ్యక్షులవారికి, నిజాలూ అబద్ధాలూ సమానమైన ప్రేమతో రాసిన ఈ ఊరికి, పదకొండు నిమిషాల అమ్మాయికి, అక్కకు, బాబాయికి, హెడ్‌మాస్టరు గారికీ వారి పావురాలకూ నా కృతజ్ఞతలు. కొత్త మాస్టరమ్మా, ఈ పుస్తకం తీసుకోండి. అందులో ఎవరూ ఏమీ రాయకపోతే మాత్రం వెంటనే కంగారు పడండి. ఆఖరి పేజీలో, జవాబుతో ఫిర్యాదుదారు తృప్తి పడినదా లేదా అనే గడి ఒకటి ఖాళీగా ఉంది. అది నేను నింపేది కాదు. మేము తిరిగొచ్చాక మా ఆవిడ వచ్చి నింపుతుంది.

ఏమోయ్, లే మరి. ఇవాళ జెండా ఊపేది నేను కాదు, బండి మన కోసం ఆగదు.

అందరికీ సెలవు.